దేశమును చూపు విద్య

దేశమును చూచుట యొకటి, దేశమును చూపుట వేఱొకటి. మొదటిదానికి కన్నులును, కాళ్లును, కొంత ధనమును, కొంత తీరికయు చాలును. రెండవదానికి చదువు కావలెను; చదువుతోపాటు పనిలో దిగి పొందెడి అనుభవమును కావలెను. ఈ రెండవ విద్యకే నేడు పర్యాటకవిద్య యనియు, టూరిజ మనియు పేరు పెట్టి కళాశాలలలో పట్టము లిచ్చుచున్నారు. మన గ్రామములనుండి పోయిన పిల్లలును దానిని చదువుచున్నారు. "ఊళ్లు తిరుగుటయు నొక చదువేనా? అది చదివినవాడు తుదకేమగును?" అని నన్నడిగిన పెద్దలు పలువురు కలరు. వారి ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చరిత్రలో నున్నదని నా నమ్మకము. కావున ఆ చరిత్రను, అందును మన దత్తమండలములకు సంబంధించిన భాగమును, ఈ ప్రసంగమున మనవి చేయుచున్నాను.

నేను తుమ్మలపల్లె వాడను. మా యూరి పేరు నేడు దూరదేశములవారికి సైతము తెలియుచున్నదనిన, అది భూగర్భమున దొరకిన యురేనియమువలననే. అయినను ఈ సీమకు భూమి లోపలి సంపదతోపాటు భూమిపైని సంపదయు కలదు. ఎఱ్ఱగుంట్లకు సమీపమున నున్న కలమళ్లలో రేనాటి చోడుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము దొరకినది. అది క్రీ.శ. 575 ప్రాంతమునాటిదనియు, తెలుగుభాషలో మనకు లభించిన శాసనములలో మిక్కిలి ప్రాచీనమైన దనియు పండితులు నిర్ణయించిరి. జమ్మలమడుగునకు కొలదిదూరమున పెన్నానది ఎఱ్ఱమలలను చీల్చుకొని పాఱుచోట గండికోట నిలిచియున్నది. కడపకు సమీపమున పుష్పగిరియు, ఒంటిమిట్టయు, జిల్లా పొలిమేరకు ఆవల బెలుము గుహలును ఉన్నవి. ఇవి యన్నియు రాళ్లే. రాయి తనంతట తాను మాటలాడదు. దానిచేత మాటలాడించువా డొకడుండవలెను. ఆ యొకనిని తయారుచేయుటయే పర్యాటకవిద్య.

గండికోటనే తీసికొందము. కోటలో మాధవరాయస్వామి దేవాలయము కలదు. రంగనాథస్వామి గుడి కలదు. జుమ్మామసీదు కలదు. మసీదు ప్రక్కనే మహాధాన్యాగార మొకటి కలదు. కోనేరులును, పావురముల గోపురమును కలవు. వీనిని వేలు చూపి "ఇది గుడి, ఇది మసీదు" అని చెప్పుటకు మనుష్యుడక్కఱలేదు, పలక చాలును. పెమ్మసాని నాయకులు ఈ కోట నెట్లు నిలుపుకొనిరి? గోలకొండ సుల్తాను పక్షమున మీర్‌జుమ్లా దీనిని సాధించిన పిమ్మట ఏమి మాఱినది? కోటలోని జనమునకు ముట్టడి కాలమున నీరెక్కడనుండి వచ్చెను, ధాన్యమెట్లు నిలువ యుండెను? ఒక మతమువారి కట్టడమును ప్రశంసించుచు వేఱొక మతమువారి మనస్సు నొచ్చకుండ ఎట్లు మాటలాడవలెను? ఇవి చెప్పవలసిన విషయములు. వీనికంటె ముందు చేయవలసినవి మఱికొన్ని కలవు. లోయ యంచున పిల్లలను ఎంతదూరమున నిలుపవలెను, మండువేసవిలో ముసలివారిని ఏ వేళకు నీడకు చేర్పవలెను, ఒకడు సొమ్మసిల్లి పడినచో మొదట నేమి చేయవలెను, దగ్గఱ వైద్యశాల యెంతదూరము, రాత్రి బస యెక్కడ, భోజనము ఎవరింట శుచిగా దొరకును అనునవి. మొదటి భాగము పుస్తకమున సగము దొరకును. రెండవ భాగము పుస్తకమున దొరకదు.

ఈ సీమకు బాటసారులు నేడు క్రొత్తగా వచ్చుచున్నవారు కారు. ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుడగు తావెర్నియే 1652లో గండికోటకు వచ్చి మీర్‌జుమ్లాను దర్శించి, తాను చూచినదానిని తన యాత్రాగ్రంథమున వ్రాసెను. అటుపిమ్మట నూటడెబ్బది యెనిమిది సంవత్సరములకు, అనగా 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు బయలుదేఱిరి. తిరుపతి, కడపలమీదుగా అహోబిలమునకును, శ్రీశైలమునకును పోయి, అటనుండి హైదరాబాదు మార్గమున ఉత్తరదేశమునకు సాగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఆ గ్రంథమున స్వామిదర్శన విశేషము లెన్ని కలవో, దారివిశేషములును అన్ని కలవు. ఏ మజిలీలో అంగళ్లు కలవు, ఏ యూరిలో నీటివసతి యున్నది, దిగుటకు చావడి యున్నదా లేదా, దారి రాతినేలయా యిసుకనేలయా అని వా రెల్ల వ్రాసిరి. యాత్రికునకు ఏది కావలయునో యాత్రచేసినవానికే తెలియును. ఇంట కూర్చుండి వ్రాసినవాడు బావినీటి రుచినిగూర్చి వ్రాయడు.

చూచినవారి సంగతి యిట్టిది. ఇక చూపువారి శిక్షణ సంగతి చెప్పెదను. దీనికిని మన దేశమున పూర్వచరిత్ర కలదు. 1794లో చెన్నపట్టణమున మైకేల్ టాపింగు అను ఖగోళజ్ఞుని పూనికచే సర్వే పాఠశాల యొకటి నెలకొల్పబడెను. అనాథశరణాలయమునందలి బాలురు ఎనమండ్రు దాని మొదటి విద్యార్థులు. వారికి గణితము, పటలేఖనము నేర్పి, పిమ్మట సర్వేయరుల వెంట పొలములకును కొండలకును పంపుచుండిరి. పాఠశాలలో సగము, పొలములో సగము అను పద్ధతి యది. ఆ చిన్నబడి క్రమక్రమముగా పెరిగి నేడు గిండీలో మహావిద్యాలయముగా నున్న ఇంజనీరింగు కళాశాలయైనది. పనిపట్టున నేర్పు విద్య తక్కువ విద్య యనువారు ఈ యొక్క దృష్టాంతమును మఱవకుందురుగాక.

మన జిల్లాలో జరిగినది ఇంతకంటెను చిత్రమైనది. 1800లో నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కుంఫిణీవారికి దత్తము చేసెను. తామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. భూములను కొలిపింప నిశ్చయించి చూడగా, కొలత తెలిసినవారు ఆయన కచేరీలోని గుమాస్తాలు నలుగురు మాత్రమే. 1802 జూన్ మాసమున ఆ నలుగురితో పని మొదలయ్యెను. ఆ సంవత్సరము ముగియులోపల వారు ఏబదిమందికి కొలత నేర్పిరి. మఱుసటి సంవత్సరమునకు నేర్చినవారు నూఱుమందియైరి. ముప్పదిమూడడుగుల గొలుసు పట్టుకొని, పదిమంది యొక జట్టుగా, జట్టున కొక పెద్ద సర్వేయరు చొప్పున వారు పొలములపై నడచిరి. వారు కొలిచినదానిని మరల కొలిచి సరిచూచుటకు పరీక్షకులు వేఱుగా నుండిరి. ఆ నూఱుమందికి బడి యెక్కడిది? గట్టుమీదనే బడి, గొలుసే పుస్తకము, మరల కొలుచువాడే పరీక్షాధికారి.

పెద్దలు ఇచట నొక సంగతి గమనింపవలెను. ఆ శిక్షణము ఫలించుటకు కారణములు మూడు. నేర్చువాడు నిజమైన పనిలో నుండెను. తాను కొలిచిన పొలమునకే శిస్తు కట్టబడుచుండెను గనుక అది ఆటకొలత కాదు. నేర్పువాడు ప్రక్కనే యుండెను. తప్పును పట్టువాడొకడు వేఱుగా నుండెను. ఈ మూడింటిలో నేది లోపించినను అనుభవమను పేరు మాత్రమే మిగులును. ఈ మాట తరువాత మనకు మరల నుపయోగపడును.

గొలుసుతో నేలను కొలిచినవారు వీరు. నేలమీది కథలను కొలిచినవారు మఱికొందఱు కలరు. కర్నల్ కాలిన్ మెకంజీ 1783లో ఈ దేశమునకు వచ్చి, సర్వేశాఖలో పనిచేసి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. ఆయన భూమిపటముతో తృప్తిపొందక, ప్రతి గ్రామముయొక్క చరిత్రను సేకరింప సంకల్పించెను. ఆయనకు మన భాషలు రావు. ఆ కార్యమున ఆయనకు కన్నులును చెవులును అయినవారు ఏలూరువాస్తవ్యులైన కావలి సోదరులు. వారిలో నొకడు వెంకటబొఱ్ఱయ్య. ఇరువదేండ్ల ప్రాయమున మెకంజీవద్ద చేరి, ఊరూర తిరుగుచు, శాసనముల ప్రతులు తీయుట, ప్రాచీన కన్నడలిపిని చదువుట పనిలోనే సాధించెను. ముప్పదియేండ్లయినను నిండకమునుపే 1803లో మరణించెను. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానమునకు వచ్చి, పలువురు సహాయకులకు పని నేర్పి, వారిని మండలములకు పంపి, వారి ఉత్తరములను చదివి సరిదిద్దుచు, మెకంజీ 1821లో మరణించువఱకు ఆ భారమును మోసెను.

ఆ సహాయకులు మన గ్రామములకు వచ్చి యేమి చేసిరి? కరణముల యింటనున్న కవిలెలను చూచిరి. వృద్ధులను కూర్చుండబెట్టి అడిగిరి. గుడిగోడలను శుభ్రముచేసి అక్షరములు ప్రతి వ్రాసికొనిరి. అట్లు వ్రాసినవే కైఫీయతులు. గండికోట కైఫీయతును అట్టిదే. శాసనముల ప్రతులు 8,000కు పైగాను, నాణెములు 6,000కు పైగాను మెకంజీ సంగ్రహమున చేరినవి. నేడు కడపలో సి.పి. బ్రౌను నివసించిన బంగళా స్థలమున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషివలన వెలసిన గ్రంథాలయమువారు కడపజిల్లా కైఫీయతులను అచ్చొత్తించి యున్నారు. మన తాతముత్తాతలు చెప్పిన మాటలు అందు ఉన్నవి. చెప్పినవారు చదువుకొన్నవారో కారో మనము ఎఱుగము. కాని వారు చెప్పకపోయినచో మన గ్రామచరిత్ర నేటికి సగమైనను మిగిలియుండదు.

కావలి సోదరులలో మఱియొకడు రామస్వామి. ఆయన దక్కను దేశమునందలి పట్టణములను, స్థలములను వర్ణించుచు ఇంగ్లీషున నొక గ్రంథము వ్రాసి 1828లో కలకత్తాలో ప్రకటించెను. మఱుసటి సంవత్సరము దక్కను కవుల చరిత్రములను ప్రకటించెను. పరదేశపు పాఠకునకు మన దేశమును చూపుటకై ఒక తెలుగువాడు చేసిన ప్రయత్నమిది. పనిలో నేర్చినవాడు తుదకు గ్రంథకర్త కాగలడనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అయినను ఈ కథకు దుఃఖకరమైన భాగ మొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. మెకంజీ పోయిన తరువాత లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగింతునని విన్నవించుకొనెను. జేమ్సు ప్రిన్సెప్పు కార్యదర్శిగా నుండిన కాలమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారు ఆ విన్నపమును అంగీకరింపరైరి. అంతటి పనికి స్వదేశీయుని స్వతంత్రముగా నమ్ముటకు వారికి మనస్సు రాలేదు. ఇరువదేండ్ల యనుభవము, వేలకొలది పత్రములతో పరిచయము ఉన్నవానికి, సహాయకుడుగా నున్నంతవఱకే విలువ. అధికారిగా నుండుటకు యోగ్యత లేదట! అనుభవము సంపాదించుట ఒక యెత్తు. ఆ అనుభవమునకు తగిన స్థానము దొరకుట వేఱొక యెత్తు. లక్ష్మయ్యకు మొదటిది దొరకెను, రెండవది దొరకలేదు. నేటి మన పిల్లల విషయమున మనము జాగరూకులమై యుండవలసినది ఈ రెండవదానినిగూర్చియే.

ఈ కాలముననే పాశ్చాత్యదేశములలో యాత్ర యొక వ్యాపారముగా రూపొందుచుండెను. 1841 జూలై 5వ తేదీన ఇంగ్లండులో తామస్ కుక్కు అనునతడు లెస్టరునుండి లఫ్‌బరోకు సుమారు ఐదువందలమందిని తలకొక షిల్లింగు చొప్పున రైలుబండిలో తీసికొనిపోయెను. పోవుట, వచ్చుట, ఫలాహారము, వినోదము అన్నియు ముందుగనే యేర్పాటు చేసిన యాత్ర యది. ఆ వ్యాపారము పెరుగగా, బాటసారిని ఆదరించుటయు నొక వృత్తియైనది. 1893లో స్విట్జర్లండునందలి లోజాను పట్టణమున హోటలు పనివారికై మొదటి పాఠశాల వెలసెను. అది మొదట నొక హోటలులోనే నడచెను. ఉదయము పాఠము, పిమ్మట అదే భవనములో పని. మన గురుకులములో శిష్యుడు పాఠమును చెప్పించుకొనుచు గురువునింటి పనిపాటలను నేర్చుకొనలేదా? అది యిదియు నొక్కటే యని చెప్పను. కాని చదువునకును పనికిని నడుమ గోడ కట్టకుండుట రెండింటను సమానమే.

మన దేశమున ప్రభుత్వమువారు దీనిని యోచించుట 1945లో మొదలైనది. నాడు విద్యాసలహాదారుగా నుండిన సర్ జాన్ సార్జెంటు అధ్యక్షతను, యాత్రికుల రాకపోకలనుగూర్చి విచారించుట కొక సంఘము నియమింపబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ వ్యవహారమునకు కేంద్రప్రభుత్వమున ప్రత్యేకశాఖ యేర్పడెను. 1983లో పర్యాటకవిద్యకై జాతీయసంస్థ నెలకొల్పబడి, దాని ప్రధానస్థానము గ్వాలియరు కాగా, మన రాష్ట్రమున నెల్లూరులో దాని శాఖ నడచుచున్నది. హైదరాబాదులో 2004లో పర్యాటక, ఆతిథ్య విద్యలకు ప్రత్యేకసంస్థ యేర్పడెను. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము 2006లో స్థాపితమై, పైని చెప్పిన బ్రౌను గ్రంథాలయమును తన యధీనమున నిలుపుకొన్నది. గండికోట యభివృద్ధికై 2024లో కేంద్రప్రభుత్వమువారు సుమారు 78 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసిరి. దారి వచ్చును, దీపములు వచ్చును, బసలు వచ్చును. వానివెంట వలసిన మనుష్యులు ఎక్కడనుండి వచ్చెదరు? దూరనగరములనుండియా, మన గ్రామములనుండియా? నేటి మన ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్నకు సాధనమొకటి ఇప్పటికే మన చేతికి వచ్చియున్నది. 2020-21 విద్యాసంవత్సరమున ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నతవిద్యామండలివారు డిగ్రీ చదువు పద్ధతిని మార్చి, అందు పదిమాసముల ఇంటర్న్‌షిప్పును విధిగా చేర్చిరి. మొదటి సంవత్సరము ముగిసినపిమ్మట రెండుమాసములు గ్రామసేవారూపమైన పని, రెండవ సంవత్సరము ముగిసినపిమ్మట రెండుమాసములు, అటుపై నొక పూర్తి సెమిస్టరు, అనగా ఆరుమాసములు, పనిచేయుచోట నుండుట అని ఆ పద్ధతి. పర్యాటకము చదువు విద్యార్థికి ఇంతకంటె మేలైన విధి మఱొకటి లేదు. కాని విధించుట వేఱు, ఫలించుట వేఱు.

నా యొద్ద చదువుకొని, తరువాత పర్యాటకవిద్యలో చేరిన బాలు డొకడు సెలవులకు వచ్చి తన యనుభవమును నాతో చెప్పెను. ఒక పట్టణములోని యొక వసతిగృహమున అతడు ఆరుమాసములు పనిచేసెను. ఆ ఆరుమాసములును సామానులు మోయుటయు, బల్లలు తుడుచుటయుతప్ప మఱొక పని యాతనికి చూపినవారు లేరు. వచ్చిన యతిథితో మాటలాడుటకు సెలవు లేదు. లెక్కపుస్తకము చూచుటకు సెలవు లేదు. దినబత్తెమును లేదు. తుదకు "సంతృప్తికరముగా శిక్షణ పొందెను" అని ముద్రవేసిన కాగితమొక్కటి చేతికిచ్చిరి. ఆ బాలుడు పనికి వెఱచువాడు కాడు, రైతుబిడ్డ. "అయ్యవారూ, బల్ల తుడుచుట నాకు మాయింటనే వచ్చునుగదా! ఆరుమాసములు దానికేల?" అని యడిగెను. మన్రోనాటి శిక్షణమునకు కారణములని ముందు చెప్పిన మూడింటిని ఇచట పోల్చి చూడుడు. నిజమైన పని యున్నదా? పనియైతే యున్నది గాని, నేర్వవలసిన పని కాదు. నేర్పువాడు ప్రక్కన నున్నాడా? లేడు. తప్పును పట్టి దిద్దువా డున్నాడా? లేడు. మిగిలినది కాగితము.

దీనిని చూచి ఇంటర్న్‌షిప్పే వలదనుట తప్పు. బల్ల తుడుచుటయు నేర్వవలసినదే. కాని వారముదినములలో దానిని దాటి, అతిథి నాహ్వానించుట, గదుల లెక్క వ్రాయుట, వాహనము కుదుర్చుట, స్థలము చూపుట, ఫిర్యాదు వినుట అను మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కింపవలెను. పనివాడు చౌకగా దొరకెనని తలచు యజమానుడు శిక్షకుడు కానేరడు.

మా తుమ్మలపల్లె గనిని చూడుడు. గనిలో పనికి కుదిరినవానిని నేరుగా లోనికి దింపరు. గనులలో వృత్తిశిక్షణకై 1966లో చేసిన నియమావళి యొకటి కలదు. దానినిబట్టి, ముందుగా శిక్షణ పొందినవానికే పని. అచట పొరపాటు జరిగినచో ప్రాణమునకు ముప్పుగదా యని మీరందురు. లోయ యంచున నలువదిమంది విద్యార్థులను నిలిపి కథ చెప్పువాని చేతిలో ఆ నలువది ప్రాణములును లేవా? భూమి లోపలికి పోవువానికి శిక్షణ తప్పనిసరియైనప్పుడు, భూమి యంచున నిలుచువారిని కాపాడవలసినవానికి ఏల కాకూడదు?

ఒక్క ప్రాణములు మాత్రమే కాదు, సత్యమును అతని చేతిలో నున్నది. చారిత్రకస్థలములలో కొందఱు దారిచూపువారు, ఎవరికేది నచ్చునో అది చెప్పుటను నేను విన్నాను. ప్రతి గోడలోను నిధి, ప్రతి బావిలోను రాణి, ప్రతి సొరంగమునకును కాశీవఱకు దారి! వినువారు నవ్వుకొని పోవుదురు. పిల్లలు మాత్రము నమ్మి పోవుదురు. ఇంకను అపాయకరమైనది, ఒక కులమును గాని ఒక మతమును గాని నిందించు కథను చరిత్రగా చెప్పుట. కావలి సోదరుల సహాయకులు తాము విన్న కథను విన్నకథగాను, చదివిన శాసనమును శాసనముగాను వేర్వేఱుగా వ్రాసిపెట్టిరి. నేటి పర్యాటకవిద్యార్థికి మొదట నేర్పవలసిన నీతి యిదియే: "శాసనము ఇట్లు చెప్పుచున్నది, ఊరివారు ఇట్లు చెప్పుకొందురు" అని రెండింటిని విడదీసి చెప్పుట.

ఇక మనము, అనగా గ్రామములయందలి పెద్దలము, చేయదగిన దేమి? నాకు తోచినవి మూడు.

మొదటిది, తలిదండ్రులకు చెందినది. పిల్లవాడు ఇంటర్న్‌షిప్పునకు పోవుచున్నానన్నప్పుడు, సంతకముచేసి యూరకుండరాదు. ఏ యూరికి, ఎవరియొద్దకు, ఏ పని నేర్చుటకు, ఎవరు నేర్పుదురు, బత్తెమెంత, వారమునకొకసారి అతని పనిని చూచువారెవరు అని యడుగవలెను. ఆడపిల్లయైనచో బసయు, రాకపోకలును ఎట్టివని కనుగొనవలెను. కనుగొని పంపవలెనేగాని, భయపడి మానిపింపరాదు. 1961నాటి అప్రెంటిసు చట్టము క్రింద చేరినవానికి స్టయిపెండు ఇచ్చుట యజమానునకు విధి. 2014లో ఆ చట్టమును సవరించి, ఇంజనీరింగు చదువని పట్టభద్రులకును దానిలో చోటు కల్పించిరి. చదువులో భాగమైన ఇంటర్న్‌షిప్పు వేఱు, ఈ చట్టము క్రింది అప్రెంటిసుపని వేఱు. చదువు ముగిసినవాడు రెండవదానికి పోవచ్చును. ఈ భేదము తెలిసియుండుట మేలు.

రెండవది, మన జ్ఞాపకమునకు చెందినది. మొదటి రెండుమాసముల గ్రామసేవకై విద్యార్థులు మన యూళ్లకు వచ్చుచున్నారు. వారిని "ఏదో కాగితము నింపుకొని పోవువారు" అని పంపివేయకుడు. మన చెఱువు ఎవరు కట్టించిరి, వీరగల్లు ఎవరిపేర నిలిచినది, జాతర ఏ తిథికి, దాని మర్యాదలు ఏ యింటివారివి, పాతదారి యెటు పోయెడిది అని వారిచేత వ్రాయింపుడు. కరణములు పోయిరి, కవిలెలు చాలవఱకు చెదలపాలైనవి. ఇప్పుడు కవిలెలు మీరే. నాడు మెకంజీ మనుష్యులు వచ్చి యడుగగా మన పూర్వులు చెప్పిరి. నేడు మన మనుమలే వచ్చి యడుగుచున్నారు. వారికి చెప్పుట అన్యులకు చెప్పుటకంటె సులభము కదా!

మూడవది, గ్రామమే శిక్షణశాల యగుట. బ్రహ్మంగారి మఠమున ఆరాధన జరుగును, ఒంటిమిట్టలో కల్యాణము జరుగును, పాపఘ్ని యొడ్డున గండి ఆంజనేయస్వామిసన్నిధికి శ్రావణమాసమున జనము వచ్చును. వేలమంది కూడుచోట నీరు, నీడ, వరుస, పారిశుద్ధ్యము, తప్పిపోయిన పిల్లలను చేర్చుట ఇవన్నియు పర్యాటకవిద్యలోని పాఠములే. దేవాలయమువారును, పంచాయతీవారును కళాశాలలతో మాటలాడి, పదిమంది విద్యార్థులకు ఆ పనిని అప్పగించి, అనుభవముగల పెద్ద నొకనిని వారిపై నుంచినచో, అది నగరములోని వసతిగృహమునకంటె మంచి బడి యగును. జొన్నరొట్టె, రాగిసంగటి శుచిగా వండి పెట్టగల యిల్లు, రెండు గదులు బాగుగా నుంచగల యిల్లు మన యూళ్లలో కలవు. అట్టి యింట నెలదినములుండి లెక్కలు వ్రాసి, వచ్చినవారితో మెలగినవానికి, వ్యాపారముయొక్క మూలము తెలియును. రేపు వాడే స్వంతముగా బస పెట్టగలడు. కొలువుకొఱకు ఎదురుచూడ నక్కఱలేదు.

మన పెద్దలు విద్యను నాలుగు పాళ్లుగా పంచి చెప్పెడివారు. ఒక పాలు గురువువలన, ఒక పాలు తన బుద్ధివలన, ఒక పాలు తోడి విద్యార్థులవలన, కడపటి పాలు కాలక్రమమున వచ్చునని వారి మాట. కళాశాల యిచ్చునది మొదటి పాలు. ఆ కడపటి పాలునకే నేటివారు అనుభవమని పేరు పెట్టి, దానిని పదిమాసములలో కొంతయైనను ముందుగా నందింప యత్నించుచున్నారు. యత్నము మంచిది. దానిని నిజము చేయువారు మంత్రులును, ఆచార్యులును మాత్రమే కారు. పని చూపు యజమానుడును, ప్రశ్న యడుగు తండ్రియు, కథ చెప్పు తాతయు కూడను.

నలుగురు గుమాస్తాలు రెండు సంవత్సరములలో నూఱుమందిని తయారుచేసిన సీమ యిది. పని నేర్పుట మనకు తెలియని విద్య కాదు. లక్ష్మయ్యకు దక్కని స్థానము మన బిడ్డలకు దక్కవలెనన్నచో, వారు పట్టముతోపాటు పనితనమును చేతబట్టుకొని పోవలెను. పోయినచోట మోతగాండ్రుగా గాక, కాలక్రమమున నిర్వాహకులుగా నిలువవలెను. రాబోవు గ్రామసేవా సెలవులలో మీ రచ్చకట్టకు ఒక విద్యార్థి పుస్తకము పట్టుకొని వచ్చినచో, కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, ఆతని మొదటి ప్రశ్నకు నిదానముగా సమాధానము చెప్పుడని నా మనవి.